బొమ్మల ముక్కలకి ఇంట్లో రంగు ఎక్కించడం: నాలుగేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

నాలుగేళ్ళ కిందట నా దగ్గరికి పసుపు బంబుల్‌బీ (కారుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ రోబో) బొమ్మ రెండోది వచ్చి చేరింది. ఒకటి నేను కొన్నది, రెండోది ఊరు మారుతూ స్నేహితుడు ఇచ్చి వెళ్ళినది. ఒకేలాంటివి రెండెందుకని, ఒకదాన్ని ఎరుపు చేసి అదే వరసలోని క్లిఫ్‌జంపర్ అనే రోబోగా మార్చాలనుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు 1984లో మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడు ఈ ఇద్దరూ పసుపులోనూ దొరికేవాళ్ళు, ఎరుపులోనూ దొరికేవాళ్ళు. అందుకే పసుపు బొమ్మని ఎరుపు చేయాలన్న ఆలోచన నాకు చాలా సహజంగా అనిపించింది.

మొదట స్ప్రే పెయింట్ కొట్టాను. ఆరాక చూస్తే ముచ్చటగా ఉంది. కానీ ఈ బొమ్మ ఊరికే నిలబెట్టేది కాదు, కారుగా మారాలి. మోచేయి పది సార్లు తిప్పేసరికి కీలు దగ్గర పెయింట్ పొరలుగా లేచి, కింద పసుపు గీతలు బయటపడ్డాయి. మోకాలు అయితే పెయింట్ మందానికి బిగుసుకుపోయి, తిప్పితే విరుగుతుందేమోనని భయం వేసింది. పెయింట్ అంతా గీకి తీయడానికి రెండు ఆదివారాలు పట్టింది. అప్పుడు అర్థమైంది, కదిలే బొమ్మకి రంగు పైన పూస్తే లాభం లేదు, లోపలికి ఎక్కించాలి.

మా పెదనాన్న వాళ్ళది పోచంపల్లి. నూలుకి, పట్టుకి రంగులు వేసే ఇల్లు. రంగు ఎక్కించడం గురించి అడగాలంటే నాకు గుర్తొచ్చే మనిషి ఆయనే. బొమ్మ చేతి ముక్క ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నూలు అద్దాక మిగిలిన ఎర్ర నీళ్ళలో వేశారు. గంట తర్వాత తీసి గుడ్డతో తుడిస్తే రంగంతా గుడ్డకే వచ్చింది, ముక్క ఎప్పటిలా పసుపే. "నూలు రంగు నూలుకే బిడ్డా, పట్టు రంగు పట్టుకే. గిదేందో తెల్వకుండ గోలెంల ముంచితే ఏమొస్తది? ముందుగాల గదేందో తెల్సుకో" అన్నారు. ఈ నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ మాటలోనే ఉంది.

అందుకని ముందు ప్లాస్టిక్ గురించే చెబుతాను. ఒకే బొమ్మలో మూడు నాలుగు రకాల ప్లాస్టిక్ ఉంటుంది. గట్టి భాగాలు ఎక్కువగా ఏబీఎస్. చేతులు, తల, టైర్ల లాంటి మెత్తటి భాగాలు పీవీసీ. కొన్ని కీళ్ళు జారుడుగా ఉండే అసిటాల్. జపాన్ రోబో బొమ్మలు గన్‌డమ్ లాంటి, ముక్కలు మనమే బిగించుకునే కిట్లలో పాలిస్టైరీన్ ఎక్కువ, కీళ్ళలో పాలీథీన్ ముక్కలు ఉంటాయి. ఆ కిట్లలో ముక్కలు వేలాడే ఫ్రేమ్ మీదే ప్లాస్టిక్ పేరు అచ్చై ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. మామూలు బొమ్మల మీద అలా రాసి ఉండడం అరుదు.

నేను చేసే పరీక్ష ఇది. మరలు, పిన్నులు తీసేసి, ముక్కని మామూలు నీళ్ళలో వేస్తాను. తేలితే అది పాలీథీన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ అవుతుంది. ఇంటి పద్ధతిలో దానికి రంగు ఎక్కదు, పక్కన పెట్టేస్తాను. మునిగితే, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్ళలోకి మారుస్తాను. లీటరు నీళ్ళకి దాదాపు 360 గ్రాముల ఉప్పు పడుతుంది. అందులో ఏబీఎస్, పాలిస్టైరీన్, నైలాన్ తేలుతాయి, అసిటాల్ మునిగిపోతుంది. మెత్తటి పీవీసీ కూడా సాధారణంగా మునుగుతుంది. అసిటాల్‌కి రంగు సరిగా పట్టదు, పీవీసీ సంగతి కింద చెబుతాను. ముక్క లోపల గాలి బుడగ చిక్కుకుంటే పరీక్ష తప్పుతుంది. నీళ్ళ లోపలే వేలితో రెండు సార్లు తిప్పి, బుడగలు పోయాక చూడాలి.

ఇక రంగు. ఏబీఎస్‌కి కావాల్సింది పాలిస్టర్ బట్టలకి వాడే డిస్పర్స్ రంగు. ఇది నీళ్ళలో దాదాపు కరగదు, సన్నటి నలుసులుగా తేలుతూ ఉంటుంది. నీళ్ళు వేడెక్కి ప్లాస్టిక్ కాస్త వదులైనప్పుడు, ఈ రంగు నీళ్ళలో ఉండటం కంటే ప్లాస్టిక్‌లోకి దూరడానికే ఇష్టపడుతుంది. చల్లారాక అక్కడే ఉండిపోతుంది. నేను ఎక్కువగా వాడింది రిట్ డైమోర్. ద్రవరూపంలో ఉంటుంది, 207 మిల్లీలీటర్ల సీసా. జాక్వర్డ్ వాళ్ళ ఐడై పాలీ కూడా ఇదే జాతి, అది పొడి. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. రిట్‌లోనే 'ఆల్ పర్పస్' అని ఇంకో రకం ఉంది, అది నూలు, నైలాన్ లాంటి వాటికి తగ్గ రంగు, ఏబీఎస్‌కి పనికిరాదు. సీసా మీద 'సింథటిక్' అని ఉన్నదే తీసుకోవాలి. మన దగ్గర ఇవి దిగుమతి సరుకు కాబట్టి సీసా వెయ్యి రూపాయల పైనే పడింది నాకు. కానీ ఒక్క సీసాతో ఏడెనిమిది బొమ్మలు అద్దాను.

3డి ప్రింటర్‌లో చేయించిన నైలాన్ ముక్కలకి మాత్రం పెదనాన్న దగ్గరున్న పట్టు రంగే పనిచేసింది. పట్టుకి, నైలాన్‌కి రెండింటికీ యాసిడ్ రంగులు పడతాయి, నీళ్ళలో కాస్త వెనిగర్ పోస్తే చాలు. ఆయన ఇచ్చిన చిటికెడు నీలంతో చేసిన కత్తి ఇప్పటికీ నా దగ్గర ఉంది, అంత నిండైన నీలం నేను కొన్న ఏ సీసాలోనూ రాలేదు.

పద్ధతి చెబుతాను. బొమ్మని పూర్తిగా విప్పి, ఒక్కో దశకీ ఫోన్‌లో ఫోటో తీసుకుంటాను. ఇది చేయకపోతే తిరిగి బిగించేటప్పుడు ఏ మర ఎక్కడిదో తెలియక నరకమే. ముక్కల్ని గిన్నెలు తోమే సబ్బుతో కడుగుతాను. వేలి జిడ్డు ఉన్నచోట రంగు మచ్చగా దిగుతుంది. రంగుకి విడిగా ఒక స్టీలు గిన్నె ఉండాలి, అది మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. గిన్నె అడుగున పాత ఇడ్లీ రేకు బోర్లించి పెడతాను. అడుగు వేడి నేరుగా తగిలితే ముక్క వంగుతుంది. రెండు లీటర్ల నీళ్ళకి పావు సీసా రంగు, రెండు చుక్కల సబ్బు. నీళ్ళ విషయంలో ఒక మాట. మా బోరు నీళ్ళు బాగా గట్టివి, మొదట్లో వాటితోనే చేస్తే ముక్కల మీద సన్నటి చుక్కలు పడేవి. ఫిల్టర్ నీళ్ళకి మారాక అవి పోయాయి.

వేడి 75 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంచుతాను. థర్మామీటర్ లేకుండా ఈ పనికి దిగవద్దు. ఏబీఎస్ మెత్తబడేది 105 డిగ్రీల దగ్గర కదా, మరిగితే మాత్రం ఏమవుతుందిలే అని నేనూ అనుకున్నాను. కానీ అచ్చులో పోసినప్పుడు ప్లాస్టిక్‌లో ఉండిపోయిన బిగువు అంతకంటే ముందే వదులుతుంది. రెండో ప్రయత్నంలో నీళ్ళు మరిగాయి. ఒక ఛాతీ పలక అప్పడంలా వంగి, మళ్ళీ దాని చోట కూర్చోలేదు.

ఎరుపు అద్దకం జరిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. మోచేయి ముక్కని నైలాన్ దారంతో కట్టి ముంచాను. రెండు నిమిషాలకి తీసి తుడిస్తే బత్తాయి తొక్క రంగు. ఐదు నిమిషాలకి కమలాపండు. ఎనిమిదికి ఇటుక రంగు. అక్కడి నుంచి నెమ్మదించింది, పన్నెండో నిమిషానికి మిరపపండు ఎరుపు వచ్చాక ఆపేశాను. ప్రతిసారీ తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుతురులో చూడాలి. రంగు నీళ్ళ పొర పైన ఉండగా చూస్తే అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది. తీశాక ఒక్కసారిగా చన్నీళ్ళలో వేయకుండా, గోరువెచ్చని నీళ్ళలోకి, తర్వాత మామూలు నీళ్ళలోకి మార్చాను. బిగించి తిప్పితే కీలు ఎప్పటిలాగే నున్నగా తిరిగింది. ప్లాస్టిక్ మీదుండే సన్నటి గీతలు, చిన్న అక్షరాలు, మెరుపు ఏవీ పోలేదు. పెయింట్‌తో ఎంత నేర్పు ఉన్నవాళ్ళకైనా ఇది రాదని నా నమ్మకం.

అద్దకంతో రంగు ముదరడమే తప్ప లేతబడటం ఉండదు. అడుగున ఉన్న రంగు ఎప్పుడూ పైరంగుతో కలుస్తుంది. పసుపు మీద ఎరుపు బాగా కుదురుతుంది, పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ అవుతుంది. ఎండకి పసుపెక్కిన పాత తెల్ల బొమ్మలకి నీలం వేద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి, కాస్త పచ్చదనం తప్పకుండా వస్తుంది.

నలుపుతో నాకు ఎక్కువ టెన్షన్. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ని నల్లగా చేస్తే అతని దుష్ట నకలు నెమెసిస్ ప్రైమ్ అవుతాడు, చాలామంది మొదట చేసేది అదే. ఎరుపు, నీలం ముక్కలు చక్కగా నల్లబడ్డాయి. బూడిద రంగు ముక్కలు మాత్రం వంకాయ రంగుకి వచ్చి ఆగిపోయాయి. నలుపు అనేది ఒక్క రంగు కాదు, రెండు మూడు రంగుల కలయిక. అవన్నీ ఒకే వేగంతో ప్లాస్టిక్‌లోకి దూరవు. అదే నీళ్ళలో రెండు చెంచాల పసుపు రంగు కలిపి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచితే ఊదా ఛాయ విరిగింది. ఇప్పుడు నలుపు అద్దే ప్రతిసారీ మొదటే పసుపు కలుపుతున్నాను.

కళ్ళు, గుర్తులు లాంటి ఫ్యాక్టరీ పెయింట్ ఉన్నచోట కింద రంగు సరిగా ఎక్కదు, పెయింట్ కూడా మరకగా మారుతుంది. ముందే తీసేసి, అద్దాక మళ్ళీ దిద్దుకోవాలి. క్రోమ్ పూత ఉన్న ముక్కలు అసలు ముంచవద్దు. వేడికి గుండు కీళ్ళు (గుంటలో బంతిలా తిరిగేవి) కొద్దిగా వదులవుతాయి. గుండు మీద రంగులేని గోళ్ళ పాలిష్ ఒక పూత వేసి, పూర్తిగా ఆరాక బిగిస్తే మళ్ళీ పట్టు వస్తుంది. లెగో లాంటి ముక్కలకి మాత్రం ఇది పెద్ద సమస్యే, వాటి ప్రాణమంతా ఆ బిగువులోనే ఉంది. అందుకే వాటిని 70 డిగ్రీలు దాటనివ్వను, రంగు తక్కువైనా సరే.

ఇప్పుడు అసలు సంగతి, కాలం గడిచాక ఏమైందన్నది. ఏబీఎస్ ముక్కల మీద కీళ్ళ దగ్గర నాలుగేళ్ళలో ఒక్క గీత కూడా పడలేదు. రంగు పైపొరలోకే దిగుతుంది కాబట్టి, కత్తితో లోతుగా గీస్తే పాత రంగు కనిపిస్తుంది, మామూలు ఆటకి మాత్రం కనిపించదు. ఎండ విషయంలో జాగ్రత్త పడాల్సింది. కిటికీ పక్క అరలో ఉన్న బొమ్మ, రెండు వేసవులు పోయాక, వెలుతురు తగిలే వైపు ఒక ఛాయ వెలిసిపోయింది. లోపలి అరలో ఉన్నది మాత్రం మొదటి రోజులాగే ఉంది.

పీవీసీతోనే బాగా దెబ్బతిన్నాను. మెత్తటి పీవీసీకి రంగు చాలా త్వరగా పడుతుంది, మూడు నాలుగు నిమిషాల్లోనే ముదిరిపోతుంది. అంత సులువుగా దూరినది అంతే సులువుగా బయటికీ వస్తుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా పైకి ఊరుతూ రంగుని మోసుకొస్తుంది. నల్లగా అద్దిన పిడికిలిని ఒక తెల్ల బొమ్మ భుజానికి ఆనించి పెట్టాను. ఆరు నెలలకి ఆ భుజం మీద బొటనవేలంత బూడిద మచ్చ పడింది. సబ్బుకి పోలేదు, స్పిరిట్‌కి పోలేదు. ఆ తెల్ల బొమ్మ ఇప్పుడు మళ్ళీ దొరికే రకం కూడా కాదు. అప్పటి నుంచి మెత్తటి భాగాలకి అద్దకం మానేశాను. వాటికి సాగే గుణమున్న ప్రత్యేకమైన పెయింటే మేలు.

కిటికీలు తెరిచి, చేతికి తొడుగులు వేసుకుని చేయండి. పొడి రంగైతే మాస్కు కూడా కావాలి. కొన్ని డిస్పర్స్ రంగులు కొందరి చర్మానికి పడవు, దద్దుర్లు వస్తాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల బొమ్మలకి ఈ పని అస్సలు చేయవద్దు. మా అక్క కొడుకు అడిగినా నేను చేసివ్వలేదు.

కదిలే కీళ్ళున్న ఏబీఎస్ బొమ్మని ఒకే రంగులోకి, అదీ లేత నుంచి ముదురుకి మార్చాలనుకునేవాళ్ళకి నేను గట్టిగా చెబుతాను, ఈ పద్ధతికి సాటి లేదు. ఒకే ముక్క మీద రెండు రంగులు కావాలంటే కష్టం. చిటికి (ఇక్కత్) చీరల్లో నూలుకి రబ్బరు కట్టినట్టు ప్లాస్టిక్‌కి కట్టి చూశాను, నీళ్ళు కిందికి పాకి అంచు చెదిరింది.

ప్రతి అద్దకానికీ ఒక పనికిరాని ముక్కని ముందు ముంచి, నోటుపుస్తకంలో అతికించి, వేడి, నిమిషాలు, రంగు కొలత పక్కన రాసుకుంటాను. మొన్న దసరాకి పోచంపల్లి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం పెదనాన్నకి చూపించాను. ఒక్కో పేజీ తిప్పుతూ, ఎరుపు ముక్క దగ్గర ఆగి గోటితో గీకి చూశారు. గోటికి ఏమీ అంటలేదు. తర్వాత ముక్కని కిటికీ వైపు తిప్పి, మూల మీద వేలు పెట్టి, "గీడ తిప్పలే నువ్వు" అన్నారు. దగ్గరగా చూస్తే నిజమే, ఆ మూలన రంగు రవ్వంత లేతగా ఉంది. ఆ రోజు ముక్క గిన్నె అంచుకి ఆనుకుని ఉండిపోయింది.