ఉద్యోగస్థుల ప్రత్యేక క్యాట్ బ్యాచ్ అంటూ అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఐఐఎంల వంటి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష క్యాట్. బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మనవాళ్లకు ఆ క్యాట్ శిక్షణ ఇచ్చే ఈ కోచింగ్ సంస్థను కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. పీజీ హాస్టళ్ల గేట్ల మీద, ఆంధ్రా మెస్సుల గోడల మీద వాళ్ల పోస్టర్లే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఉద్యోగం చేస్తూ ఎంబీఏకు సిద్ధమవుతున్న వాళ్లెవరూ ఇంకో రూపాయి అక్కడ పోయకూడదనే ఇంత రాత్రివేళ ఇది రాస్తున్నాను.

అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు నాది. క్యాబ్ దిగి ఇంట్లో అడుగు పెట్టేసరికి ఎనిమిది దాటుతుంది. అందుకే చేరేముందు ఒకటికి పదిసార్లు అడిగింది ఒకటే, క్లాసు రాత్రిపూటే ఉంటుందా అని. 'రాత్రి తొమ్మిదిన్నరకే అక్కా, లైవ్ క్లాసు. ఆదివారం పొద్దున మాక్ టెస్టు, మధ్యాహ్నం దాని విశ్లేషణ. మీలాంటి వాళ్ల కోసమే పెట్టిన బ్యాచ్' అన్నాడు కౌన్సెలర్. తెలుగు అబ్బాయే. ఫీజు 48,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 56,640 రూపాయలు. నెలకు 4,720 చొప్పున ఏడాదిపాటు కడితే చాలు, వడ్డీ ఉండదన్నాడు. నా వివరాలన్నీ తన ట్యాబ్‌లో తనే నింపుకున్నాడు. 'సీటు మీ పేరు మీద ఆపడానికి ఓటీపీ వస్తుంది, చెప్పండి అక్కా' అన్నాడు, చెప్పాను. అది సీటు కోసం వచ్చిన ఓటీపీ కాదు. ఒక రుణ సంస్థ ఒప్పందం మీద నా సంతకం. డబ్బంతా ఒకేసారి కోచింగ్ వాళ్లకు చేరిపోయింది, ఏడాది అప్పు నా నెత్తిన మిగిలింది.

మొదట్లో క్లాసులు బాగానే జరిగాయి. ఆగస్టు నెలాఖరులో వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. రాత్రి బ్యాచ్‌ను పగటి బ్యాచ్‌లో కలిపేస్తున్నారట, రాలేనివాళ్లు రికార్డింగులు చూసుకోవాలట. పగటి బ్యాచ్ ఉదయం పదకొండింటికి. ఆ సమయానికి మేమంతా ఆఫీసుల్లో ఉంటామని వాళ్లకు తెలుసు, అందుకేగా మా దగ్గర విడిగా ఫీజు తీసుకున్నది!

రికార్డింగ్ చూస్తే సరిపోదా అని అడిగేవాళ్లు ఈ పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. క్యాట్ మొత్తం రెండు గంటలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయాన్ని ఇంకోదానికి వాడుకోనివ్వరు. సరైన జవాబుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు పెడితే 1 మార్కు పోతుంది. పట్టికలు, తర్కం ఉండే డీఐఎల్‌ఆర్ విభాగంలో లెక్క చేయడం కంటే ఏ సెట్టు (ఒకే సమాచారం మీద అడిగే కొన్ని ప్రశ్నల గుంపు) పట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది తేల్చుకోవడమే కష్టం. రాత్రి క్లాసులో మాస్టారు నాలుగు సెట్లు తెర మీద పెట్టి, పెన్ను ముట్టుకోనివ్వకుండా, ముందు దేన్ని వదిలేస్తారో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగేవారు. ఎందుకు వదిలామో చెప్పలేకపోతే ఊరుకునేవారు కాదు. నేను డబ్బు కట్టింది దానికి. అప్పటికే సెట్టు ఎంచుకుని చేసి చూపించే వీడియోలు ఉచితంగా కావలసినన్ని దొరుకుతాయి.

శనివారం వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. రాత్రి బ్యాచ్ అయినా నడపండి, లేదా మిగిలిన క్లాసుల డబ్బు అయినా తిరిగి ఇవ్వండి అన్నాను. కౌన్సెలర్ మాట్లాడకుండా కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. నా దరఖాస్తు అది. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'ఏ పరిస్థితిలోనూ ఫీజు వాపసు ఇవ్వబడదు' అని ఉంది, దాని పక్కన టిక్కు. ఆ ఫారం మీరే నింపారు, ఆ టిక్కు మీరే పెట్టారు, నాకు చూపించనైనా లేదు అన్నాను. పక్క కుర్చీల్లో కొత్తగా చేరడానికి వచ్చిన ఒక కుర్రాడు, వాళ్ల నాన్న కూర్చుని ఉన్నారు. వాళ్లు వింటుండగా అతనన్న మాటలివి: 'మేడమ్, జాబ్ చేసేవాళ్లలో సగం మంది అక్టోబరు దాకా కూడా ఉండరు. మిగిలిన నలుగురి కోసం రాత్రిళ్లు మాస్టారికి జీతం ఇవ్వలేం. నెల నెలా జీతం వస్తోంది కదా, ఇది మీకు ఒక లెక్కా?' అనేసి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

నాకది లెక్కే. ఆ 4,720 అమ్మకు పంపే డబ్బులో తగ్గించి కడుతున్నాను.

దానికంటే ఎక్కువగా మండుతున్నది మొదటి మాటకు. సగం మంది మానేస్తారని వాళ్లకు ముందే తెలుసు. తెలిసే ఈ బ్యాచ్ అమ్ముతున్నారు. ముందుగా మొత్తం ఫీజు చేతికొస్తుంది, జనం తగ్గగానే రాత్రి క్లాసు ఎత్తేయవచ్చు. తిరగబడే ఓపిక పొద్దుపోయి ఇల్లు చేరే మాకు ఉండదని వాళ్ల ధీమా. ఉద్యోగ అనుభవానికి ఎంపికలో విలువ ఇచ్చే ఐఐఎం ఇదే ఊళ్లో బన్నేరుఘట్ట రోడ్డు మీద ఉంది. ఈ కౌన్సెలర్ మాత్రం మమ్మల్ని పరీక్షకు పనికిరానివాళ్ల కింద జమకట్టాడు.

రుణ సంస్థకు ఫోను చేస్తే క్లాసులతో తమకు సంబంధం లేదన్నారు. కిస్తీ ఆపితే పాడయ్యేది నా సిబిల్ స్కోరు. రేపు సీటు వస్తే విద్యారుణానికి బ్యాంకు చూసేది ఆ స్కోరునే, కాబట్టి లేని క్లాసుకు డబ్బు కడుతూనే ఉండాలి.

మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో ఫీజు తిరిగి ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో ఉంది. కోర్సు గురించి, ఫీజు వాపసు గురించి తప్పుడు ప్రచారం చేయకూడదని అదే ఏడాది నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కూడా చెప్పింది. ఇవి ఫోనులో తెరిచి చూపిస్తే కౌన్సెలర్ తల కూడా ఎత్తలేదు.

ఎక్కడైనా చేరబోయేవాళ్లు క్లాసుల వేళలు, ఫీజు వాపసు సంగతి మెయిల్‌లో రాయించుకోండి. ఓటీపీ సందేశం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పూర్తిగా చదవనిదే నంబరు చెప్పకండి. ఇప్పుడిప్పుడే ఇలా అప్పులో ఇరుక్కున్నవాళ్లు రుణపత్రాల్లో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య షరతులన్నీ ఒకచోట రాసిన కాగితం, తీసి చూడండి. అప్పు అసలు మొత్తం, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడే గడువు అందులో రాసి ఉంటుంది. రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన అది.

క్యాట్ నవంబరు నెలాఖరులో. నేను రాస్తున్నాను. పాత ప్రశ్నపత్రాలు దింపుకుని ఆదివారాలు గడియారం పెట్టుకుని చేస్తున్నాను.

ఆ రాత్రి బ్యాచ్‌లో ఉన్నవాళ్లు రసీదులు, బ్యాచ్ కలిపేస్తున్నామన్న వాట్సాప్ సందేశం ఫొటో తీసి దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఎవరికి వారు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు అందరం కలిసి వెళదాం. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము లేదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. కాగితాలు రాసే పని నేను చూసుకుంటాను.