దొరికిన శిలాజం మెడలోకి: రెజినా, వెండి కట్టా, అద్దాల లాకెట్టా?

వేసవి మొదలైనప్పటి నుంచి నాకు వస్తున్న ఫోటోలన్నీ దాదాపు ఒకే రకం. అరచేతిలో చిన్న రాయి, దాని మీద ఆకు ముద్రో గుల్ల ముద్రో, కింద ఒకే ప్రశ్న: దీన్ని లాకెట్ చేయించుకోవచ్చా, ఎలా చేయిస్తే రాయి నిలుస్తుంది? ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాస్తూ వచ్చాను. పోయిన నెలలో మా అమ్మాయి కోసం నేనే ఒకటి చేయించాను కాబట్టి ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

మా రాయి వేమవరం షేలు, అంటే బంకమన్ను పొరలు పొరలుగా గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి. ఒంగోలు పరిసరాల్లోని వేమవరం, పావులూరు పేర్లు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు బాగా తెలుసు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ తీరం వెంట తిరిగి రాసిన నివేదిక 1879లోనే అచ్చయింది. మా పెద్దమ్మ గారి చేలో బావి లోతు చేయించినప్పుడు పైకి పోసిన మట్టిలో ఈ ముక్క కనిపించింది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, లేత బూడిద రంగు. మధ్యలో సన్నని ఈనె, దానికి రెండు వైపులా దువ్వెన పళ్లలా వరుసగా ఆకులు. ఎడమ వైపున మూడు పళ్లు విరిగిపోయాయి. దీని పేరు టిలోఫిల్లం, గ్రీకులో ఈక ఆకు అని అర్థం. చూడటానికి సైకస్ మట్టలా ఉంటుంది గానీ, ఆ చెట్ల వంశమే ఇప్పుడు భూమి మీద లేదు. పది కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు అది.

అందుకే ఏ పద్ధతి గురించి ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒక్కటే. రేపు కావాలనుకుంటే ఈ రాయి దెబ్బ తినకుండా మళ్లీ బయటకు వస్తుందా? అందం, ఖర్చు, బరువు అన్నీ ఆ తర్వాతే. వెండి నల్లబడితే తోముకోవచ్చు, గొలుసు తెగితే అతికించుకోవచ్చు, నగ నచ్చకపోతే కరిగించి ఇంకోటి చేయించుకోవచ్చు. ముద్రకు ఆ అవకాశం లేదు. పైగా మనకు ఈరోజు ఆకులా కనిపించేది, తెలిసినవాళ్లు భూతద్దం పెట్టి వెనక వైపు తిప్పి చూస్తే ఇంకేదో చెప్పవచ్చు. అలా తిప్పి చూసే వీలు ఉండాలి.

పద్ధతి ఎంచుకునే ముందు మీ దగ్గరున్నది ఏ రాయో తేల్చుకోండి. వెనక వైపు, ముద్ర లేని మూలలో, ఇనుప మేకుతో చిన్న గీత గీయండి. గీత పడకపోతే అది గట్టి రాయి. సిలికాగా మారిన చెట్టు ముక్కలు ఇలా ఉంటాయి, వాటికి దాదాపు ఏ నగ పనైనా సరిపోతుంది. గీత పడితే మెత్తనిది. అప్పుడు అదే మూలలో ఒక్క చుక్క వెనిగర్ వేసి చూడండి. బుసబుసా నురగ వస్తే గుల్ల జాతి, అంటే సున్నపు పదార్థం. నురగ రాకుండా చుక్క చటుక్కున లోపలికి ఇంకిపోతే షేలు లాంటిది. షేలును కడగాలని నీళ్లలో వేయవద్దు. అందులోని బంకమన్ను నీళ్లు పీల్చి పొరలు విచ్చుకుంటుంది. మెత్తని బ్రష్షుతో పొడిగా దులిపితే చాలు.

ఇక అందరూ ముందుగా అడిగేది రెజిన్. రెండు సీసాల ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే ఒక రోజులో గాజులా గట్టిపడుతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు, చెమట తగలదు, కింద పడినా విరగదు. విరిగిపోయే దశలో ఉన్న గుల్ల ముక్కను చిన్నపిల్లల మెడలో వేయాలంటే ఇది సులువైన దారేనని ఒప్పుకుంటాను. కానీ ఆకు ముద్రకు ఇది నాకు నచ్చదు. ముద్ర మన కంటికి కనిపించేది రంగు వల్ల మాత్రమే కాదు. ఉదయం పూట కిటికీ దగ్గర రాయిని ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఈనె పక్కనున్న సన్నని గాళ్లలో నీడ పడుతుంది, ఆకు ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఆ గాళ్లను రెజిన్ నింపేస్తే నీడ పోతుంది, రాయి తడిసినట్టు నల్లబడుతుంది, ఆకు సగం మాయమవుతుంది. నేను వేమవరం రాయిలోనే ముద్ర లేని ముక్క మీద పోసి చూశాను. రాతి రంధ్రాల్లోని గాలి బుడగలుగా పైకి వచ్చి అక్కడే బిగుసుకుంది. ఎండ తగిలిన కొద్దీ రెజిన్ పసుపు పచ్చగా మారడం మరో సంగతి. ఇవన్నీ భరించినా నా మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం లేదు. గట్టిపడిన రెజిన్‌లోంచి షేలును ముక్కలు కాకుండా బయటకు తీయడం కాని పని.

జిగురు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో వాడే తక్షణ జిగురు రాతి మీద తెల్లని పొగ మరకలు వదులుతుంది, గోళ్ల రంగు పూత కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది. మ్యూజియంలలో పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడతారు, అసిటోన్‌తో కరిగించి మళ్లీ తీసేయవచ్చు. పొడి రాలుతున్న షేలుకు పలుచగా పూయడానికి మంచిదే. కానీ దానికి 40 డిగ్రీల దగ్గర మెత్తబడే గుణం ఉంది. రోహిణి కార్తెలో నెల్లూరు బస్టాండులో నిలబడినవాళ్లకు ఆ వేడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి రాయి బరువంతా ఆ జిగురు మీదే వేలాడేలా ఏ నగా చేయించవద్దు.

రెండోది వెండి కట్టు. రాయి చుట్టూ వెండి రేకుతో గోడ కట్టి, రాయిని అందులో కూర్చోబెట్టి, అంచును లోపలికి ఒత్తడం. మన ఆచారుల చేతిలో పండిన పని ఇది. చూడటానికి ఇంతకంటే అందమైనది లేదు, ఈ మాట నిజాయితీగా చెబుతున్నాను. గట్టి రాయి అయితే రెండో ఆలోచన లేకుండా ఇదే చేయించుకోండి. మెత్తని రాయికే చిక్కు. అంచు ఒత్తేటప్పుడు పడే బలానికి షేలు పొర లేస్తుంది. తర్వాత ఎప్పుడైనా బయటకు తీయాలంటే అదే అంచును మళ్లీ పైకి విప్పాలి, అప్పుడు ఇంకోసారి గండం. అంతకంటే పెద్ద గండం మెరుగు పెట్టించడంలో ఉంది.

నాలుగేళ్ల క్రితం సూళ్లూరుపేటలో పెళ్లికి వెళ్లినప్పుడు బంధువులు ఒక పాత గుల్ల ఇచ్చారు. ఇంటి పునాది తవ్వితే వచ్చిందట. పులికాట్ చుట్టుపక్కల నేలలో ఇలాంటి గుల్ల పొరలు ఉన్నాయి, సున్నానికి తవ్వి తీసేవారు. దానికి వెండి కట్టు వేయించి రెండేళ్లు వేసుకున్నాను. వెండి నల్లబడితే ఒక దుకాణంలో మెరుగుకు ఇచ్చాను. వెండిని తెల్లబరచడానికి ముందు ఆమ్లంలో ముంచి, తర్వాత కుంకుడు రసంతో ఇత్తడి బ్రష్షు పెట్టి రుద్దడం వాళ్ల మామూలు పద్ధతి. లాకెట్‌ను రాయితో సహా ముంచారు. తిరిగి చేతికి వచ్చేసరికి గుల్ల మీది గీతలు చెరిగిపోయి, సబ్బు బిళ్ల అరిగినట్టు నున్నగా అయింది. వెండి మాత్రం తళతళలాడుతోంది. అప్పటి నుంచి గుల్ల జాతి దేన్నీ ఆచారి చేతికి చెప్పకుండా ఇవ్వను. నిప్పు, టంకం, ఆమ్లం, చింతపండు పులుసు వీటి పని అంతా ముగిసి, వెండి మెరుగు కూడా పూర్తయ్యాకే రాయి అందులోకి వెళ్లాలి. తర్వాత మెరుగు కావాలన్నా రాయి ముందు బయటకు రావాలి. చెమట కూడా కొంచెం ఆమ్ల గుణం ఉన్నదే. వేసవిలో రోజంతా ఒంటికి ఆనుకుని ఉండే గుల్లకు వెనక వెండి రేకు తప్పనిసరి.

అందుకే చివరికి నేను ఎంచుకున్నది అద్దాల లాకెట్. మన ఇళ్లలో దేవుడి పటం కట్టించినట్టే, రాయికి చిన్న పటం కట్టించడం. గుండ్రటి వెండి చట్రం, ముందు అద్దం, వెనక మడత బందుతో తెరుచుకునే మూత. అద్దం కోసం చేతి గడియారాలు బాగుచేసే అతని దగ్గరకు వెళ్లాను. రాయి కొలత చూపిస్తే పాత గడియారం అద్దం ఒకటి ఇచ్చాడు. ప్లాస్టిక్ రకం గీతలు పడుతుంది, గాజుదే అడగండి.

ఆచారి గారు మొదట ఒప్పుకోలేదు. "ఇంత రాయికి అంత పెట్టె ఎందుకమ్మా, రేకు ఒత్తి ఇచ్చేస్తాను, జీవితాంతం కదలదు" అన్నారు. "కదలాలనే నా కోరిక, ఆచారి గారూ" అన్నాను. ఆయన రాయిని కుంపటికి దూరంగా, కిటికీ గట్టు మీద పెట్టి, కాగితం మీద దాని అంచు గీసుకున్నారు. ఆ గీత మీదే పని అంతా జరిగింది, రాయి నా వెంట ఇంటికి వచ్చేసింది. వారం తర్వాత మెరుగు పెట్టిన చట్రం ఇచ్చారు, రాయిని మా ఇంట్లో నేనే కూర్చోబెట్టాను. కింద తెల్లని నూలు గుడ్డ రెండు మడతలు, చుట్టూ ఊగకుండా అదే గుడ్డ సన్నని పీలిక. ముద్ర అద్దానికి తగలకుండా గోరు మందం ఖాళీ ఉంచాను. చట్రం అడుగున సూది మొనంత రంధ్రాలు రెండు పెట్టించాను. అవి లేకపోతే తీరప్రాంతపు ఉక్కకు అద్దం లోపల ఆవిరి పడుతుంది.

దీనికీ లోపాలున్నాయి. వెండి, గాజు కలిసి బరువు ఎక్కువ, సన్న గొలుసు ఆగదు. మందంగా ఉంటుంది కాబట్టి రోజూ ఆఫీసుకు వేసుకునేవాళ్లకు అడ్డం అనిపించవచ్చు. అద్దం మీద వెలుగు పడినప్పుడు ఎదుటివాళ్లకు ఆకు కనిపించదు, కాస్త పక్కకు తిప్పి చూపించాలి. వెండి కట్టు కంటే పని ఎక్కువ, కూలీ ఎక్కువ. అయినా మూత తీస్తే రాయి చేతిలోకి వస్తుంది. నాకు అది చాలు.

మిగతా పద్ధతులకు పెద్దగా మాటలు అక్కర్లేదు. రంధ్రం వేసి కొక్కెం తగిలించడం గట్టి రాయికి మాత్రమే, అదీ నీళ్లు పోస్తూ. రాతి పొడి ఊపిరితిత్తులకు చేటు, పొడిగా తొలవనివ్వకండి. షేలుకు రంధ్రం వేస్తే మార్కాపురం పలక లాగా పొరలుగా చీలుతుంది. వెండి తీగ చుట్టడం చవక, విప్పడం తేలిక, కానీ తీగ ముద్ర మీద రాసుకుంటూనే ఉంటుంది. ముద్రకు మైనంతో అచ్చు తీసి వెండిలో పోత పోయించుకునేవాళ్లూ ఉన్నారు. మెత్తని షేలు మీద మైనం ఒత్తితే పొడి దానికే అంటుకుని వస్తుంది, గట్టి రాయికైతే చేయవచ్చు.

సాలగ్రామం గురించి ఇద్దరు అడిగారు. గండకీ నదిలో దొరికే ఆ రాళ్లలో ఉండే చక్రం అమ్మోనైట్ అనే సముద్ర జీవి శిలాజమే. పూజలో ఉన్న దానికి రంధ్రం వేయించడం నాకు మనసొప్పదు. మెడలో ధరించాలనుకుంటే మూత తీసే లాకెట్ అక్కడ కూడా పనికొస్తుంది, పూజ వేళ బయటకు తీసి పీఠం మీద పెట్టుకోవచ్చు.

ఏ పని మొదలుపెట్టే ముందైనా పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటోలు తీయండి. మామూలు ఆకు కాదనిపించినా, ఎముకలా, పన్నులా ఉన్నా నగ ఆలోచన ఆపి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగంలోనో, హైదరాబాదు బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే కార్యాలయంలోనో చూపించండి. పులికాట్, నేలపట్టు అభయారణ్యాల పరిధిలో గుల్ల ముక్క కూడా ఏరవద్దు.

మా అమ్మాయి లాకెట్‌లో నూలు గుడ్డ కింద, మూతకు ఆనించి చిన్న కాగితం మడత ఉంది. పెన్సిల్‌తో రాశాను, సిరా అయితే చెమ్మకు అలుక్కుపోతుంది. ఊరి పేరు, చేను ఏ దిక్కున ఉందో, బావి ఎన్ని అడుగుల లోతుకు తవ్వినప్పుడు దొరికిందో, ఏ రోజున దొరికిందో.