రాగి తీగ, నైలాన్ తాడు, ప్లాస్టిక్ సంచి: క్రోషియా కళకు ఏది మేలు?

కొక్కెం సూదితో దారాన్ని ఉచ్చులుగా అల్లే క్రోషియా అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది నరసాపురం లేసు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలు దారంతోనే అంత సున్నితమైన పనితనం సాధ్యమైనప్పుడు లోహం, ప్లాస్టిక్ పట్టుకోవడం ఎందుకు? నేను చూసేది ఒక్కటే. నూలు వల్ల కానిది ఆ పదార్థం వల్ల కావాలి. కాకపోతే చూసినవారు ఒకసారి ఆశ్చర్యపోతారు, అంతటితో సరి.

ఈ లెక్కన నేను ముందు నిలబెట్టేది తీగనే. జపనీయుల కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన రూత్ అసావా 1947లో మెక్సికోలోని తొలూకా వెళ్లినప్పుడు, అక్కడ గుడ్లు పెట్టుకునే తీగ బుట్టలు అల్లేవారిని చూసి ఆ పని నేర్చుకున్నారు. కొక్కెం సూది లేకుండా ఉచ్చులో ఉచ్చు వేసుకుంటూ పోయే అల్లిక కాబట్టి దాన్ని క్రోషియాకు దగ్గరి చుట్టం అనాలి. ఆమె శిల్పాలు పైకప్పు నుంచి వేలాడతాయి. ఒక గోళం లోపల ఇంకో గోళం, దాని లోపల మరొకటి. బయటి పొరే వంపు తిరిగి లోపలి పొర అవుతుంది. అన్నీ ఒకేసారి కంటికి కనిపిస్తాయి, వాటి నీడలు గోడ మీద మరో బొమ్మ గీస్తాయి. గంజి పెట్టిన నూలు గిన్నె ఆకారంలో నిలుస్తుందేమో గాని, మనిషి ఎత్తున ఇలా వేలాడితే సాగి జారిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ఈ శిల్పాలను చూడవచ్చు. రంగు పూత ఉన్న రాగి తీగతో జెల్లీ చేపలను అల్లిన ఆర్లీన్ ఫిష్‌దీ ఇదే దారి.

తీగతో కష్టమూ ఎక్కువే. రాగి వంచేకొద్దీ గట్టిపడుతుంది. నూలులో కుట్టు తప్పితే లాగి విప్పుకుని మళ్లీ అల్లుకోవచ్చు. తీగను విప్పబోతే మెలిపడి తెగుతుంది. అందుకే ఆకారం ముందే మనసులో స్థిరపడాలి. ఆ క్రమశిక్షణ పూర్తయిన పనిలో కనిపిస్తుంది కూడా.

తీగకు గట్టి పోటీ నైలాన్. తొషికో హొరియుచి మెక్‌ఆడమ్ మొదట్లో ప్రదర్శనశాలల కోసం పెద్ద అల్లికలు చేసేవారు. ఒకసారి పిల్లలు వాటిలోకి ఎక్కి ఆడుకోవడం చూశాక ఆమె దారే మారిపోయింది. జపాన్‌లోని హకొనే ఆరుబయటి మ్యూజియంలో 2009లో ప్రారంభమైన రంగురంగుల వలలో పిల్లలు పాకుతారు, ఊగుతారు, దొర్లుతారు. ఒకరు కదిలితే ఆ కదలిక పక్కవారికి తెలుస్తుంది. ఇక్కడ నైలాన్ పని బరువు మోయడమే కాదు, అల్లికను ఆటస్థలంగా మార్చడం. తీగ ఈ పని చేయలేదు. అయితే దీనికి పెద్ద స్థలం, సహాయకులు, భద్రత లెక్కలు కావాలి. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసే పని కాదు.

ప్లాస్టిక్ దగ్గర నాకు తటపటాయింపు ఉంది. సంచులను పట్టీలుగా కత్తిరించి చాపలు, బుట్టలు అల్లడం మంచి పనే, కాని అక్కడ చాలాసార్లు వస్తువు కన్నా సందేశమే ముందు కనిపిస్తుంది. దీనికి గొప్ప మినహాయింపు మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అక్కచెల్లెళ్లు 2005లో మొదలుపెట్టిన క్రోషియా పగడపు దిబ్బలో ప్లాస్టిక్‌తో అల్లిన భాగం. ప్రతి వరసలో ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోతే అంచు కుచ్చిళ్లు పడుతుంది. గణిత శాస్త్రవేత్త డైనా తైమిన 1997లో అతిపరావలయ తలాన్ని, అంటే గుర్రపు జీనులా వంపు తిరిగే తలాన్ని చూపించడానికి వాడిన పద్ధతి అది. పగడాల ఆకారమూ అలాగే ఉంటుంది. సముద్రాన్ని పాడుచేస్తున్న ప్లాస్టిక్‌తోనే పగడాలను అల్లినప్పుడు ఆ పదార్థాన్ని మార్చడానికి వీలుండదు. నూలుతో చేస్తే అర్థమే మారిపోతుంది. ఇలాంటి అవసరం లేనిచోట ప్లాస్టిక్ నాకు మూడోదే. ఎండకు పెళుసై పొడిగా రాలుతుంది, మళ్లీ చెత్తే అవుతుంది.

చేతికి లేసు అలవాటున్నవారు మోటారు వైండింగ్ దుకాణంలో దొరికే సన్న రాగి తీగతో మొదలుపెట్టండి. 30 గేజి అయితే వేళ్లకు లొంగుతుంది. ఉక్కు సూది వాడండి, కుట్టు వదులుగా వేయండి. అసలు క్రోషియాయే కొత్తయితే మాత్రం ముందు పాల ప్యాకెట్ల పట్టీలు, లావు సూది తీసుకోండి. కుట్లు పెద్దవిగా పడతాయి కాబట్టి ఏ ఉచ్చు ఎటు వెళ్లిందో స్పష్టంగా కనిపిస్తుంది, పాడైనా నష్టం లేదు.