పూలు కొండ మీద, పిట్టలు బురదలో: ఒక్క ఆదివారానికి ఏది మేలు?

మా బావమరిది కొత్తగా జూమ్ లెన్సు కొన్నాడు. కొన్నప్పటి నుంచీ ఒకటే గోల. "బావా, ఆదివారం మారేడుమిల్లి పోదాం. అడవి పూలూ తీద్దాం, పిట్టలూ తీద్దాం, రాత్రి భోజనాలకి ఇంటికి వచ్చేద్దాం" అంటాడు. మాది అమలాపురం. ఆ ముచ్చట నేను నాలుగైదుసార్లు తీర్చుకుని ఉన్నాను కాబట్టి వెంటనే సరే అనలేదు. మాకు ఒక్క రోజులో వెళ్లిరాగలిగిన చోట్లు మూడున్నాయి: మారేడుమిల్లి వైపు కొండలు, కోరింగ మడ అడవి, కొల్లేటి ఒడ్డున ఆటపాక. నాలుగోది కూడా ఉంది గానీ దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు దారి లెక్క చూడాలి, సగం తీర్పు అక్కడే తేలిపోతుంది. అమలాపురం నుంచి రాజమండ్రి 65 కిలోమీటర్లు. అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఇంకో 85 దాకా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరినా ఎనిమిది దాటితేగానీ చేరం. పిట్టల ఫోటోకి ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య వెలుగే వెలుగు. ఆ తర్వాత ఎండ నెత్తిన పడుతుంది, పిట్ట నీడలోకి వెళ్లిపోతుంది. అంటే అసలు సమయమంతా మనం కారులోనే గడిపేస్తాం. గుడిస మీద సూర్యోదయం ఫోటోలు చూసి చాలామంది ఊరిస్తుంటారు. అది మారేడుమిల్లి దాటి ఇంకా చాలా దూరం కొండెక్కాల్సిన చోటు, ముందురోజు రాత్రి ఆ చుట్టుపక్కల ఎక్కడైనా పడుకోకపోతే కుదరదు. కోరింగకైతే ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం, తాళ్లరేవు మీదుగా గంటన్నర చాలు. ఆటపాక పాలకొల్లు, భీమవరం, ఆకివీడు దాటి కైకలూరు పక్కన. వంద కిలోమీటర్లు దాటుతుంది.

ఇక కొండల సంగతి. పాపికొండల జాతీయ పార్కును 2008లో ప్రకటించారు, విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు, గోదావరికి రెండు పక్కలా ఉంటుంది. మారేడుమిల్లి దానికి అంచున ఉన్న ఊరు. ఇక్కడ పిట్టలు లేవని కాదు. హార్న్‌బిల్ ఉంది, ట్రోగన్ ఉంది, తోక చివర రెండు బిళ్లలు వేలాడదీసుకుని తిరిగే రాకెట్ టెయిల్డ్ డ్రోంగో ఉంది, అడవికోడి రోడ్డు దాటుతూ కనిపిస్తుంది. ఉన్నవన్నీ ఆకుల వెనకాలే ఉంటాయి. వెదురు పొదలో మసక వెలుతురు, కెమెరా వెలుగును పట్టే గుణాన్ని, అంటే ఐఎస్ఓని, 3200కి పెంచినా షట్టర్ వేగం చాలదు. కూత వినిపిస్తుంది, కొమ్మ ఊగుతుంది, ఫోటోలో ఆకు మాత్రమే పడుతుంది. ఒక రోజంతా తిరిగి నేను తెచ్చుకున్నది హార్న్‌బిల్ తోక ఒకటి. అది హార్న్‌బిల్ తోకేనని మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

పూలకు మాత్రం కొండే కొండ. వానలు పడ్డాక, శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా, రోడ్డు పక్కన కట్ట మీదే బోలెడు పని. అడవినాభి చూశారా? ఆకు కొనను తీగలా చుట్టుకుని పక్క పొదను పట్టుకుని ఎక్కుతుంది. రేకులు పైకి మడుచుకుని కింద పసుపు, పైన ఎరుపుగా మంట లేచినట్టు ఉంటుంది. దుంప విషం, చేత్తో పీకకండి. ఎలాగూ రక్షిత అడవిలో మొక్క పీకడం నేరం కూడా. నేలకు అంటుకుని పూసే నేలతాడి పసుపు పువ్వు, వెన్నదేవి నీలం పువ్వు, తడి బండల మీద గులాబీ రంగు బాల్సం. వీటికి జూమ్ లెన్సు అక్కర్లేదు. చెప్పాలంటే ఫోనే మేలు: మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు ఎత్తుకు ఫోను దించి, ఎండ పడుతుంటే గొడుగు నీడ పట్టి తీస్తే అరచేతిలో వచ్చేస్తుంది. పెద్ద లెన్సు ఆ రోజుకి బరువే.

ఆ బరువుతో పాటు ఒక టెన్షన్ కూడా ఉంది, అది నా చేతకానితనంతో నేర్చుకున్నాను. మొదటిసారి ఏసీ కారులో కెమెరా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. దిగి ఘాట్ రోడ్డు మీద నిలబడేసరికి చల్లటి అద్దం మీద తడి గాలిలోని తేమ పట్టేసింది. తుడిస్తే మళ్లీ పట్టింది. అరగంటసేపు నా ముందు వాలిన పిట్టలన్నిటినీ మంచులోంచి చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. అప్పటి నుంచీ సంచి డిక్కీలోనే, జిప్పు మూసి పెడతాను. చేరాక పావుగంట ఆగి తెరుస్తాను.

కార్తికం వచ్చిందంటే ఇంకో చిక్కు. ఆదివారం ఆదివారానికి వనసమారాధనలు. ఉసిరి చెట్టు కింద భోజనాలు మంచివే, నేనూ వెళ్తాను. కానీ ఆ నెలలో మారేడుమిల్లి రోడ్డు మీద బస్సులు, స్పీకర్లు, బొంగు చికెన్ పొగ తప్ప ఏమీ మిగలవు. బొంగు చికెన్ మీద నాకేమీ కోపం లేదు. పిట్టకే ఉంటుంది.

కోరింగ దీనికి పూర్తిగా తలకిందులు. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడకు కూతవేటు. చెక్క వంతెన మీద నడుస్తూ లోపలికి వెళ్తే రెండు వైపులా తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల. బురదలోంచి వేళ్లన్నీ గాలి కోసం పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. చాలామంది అక్కడ నడిచి, పడవెక్కి దిగి, "పిట్టలేవీ లేవండి" అని వెళ్లిపోతారు. వంతెన పిట్టల కోసం వెళ్లే చోటు కాదు. అక్కడ చెట్టూ పీతా తీసుకోవాలి. పిట్టలు ఉండేది కాల్వల మొగల్లో, కాకినాడ అఖాతం వైపు బురద మేటల మీద. చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చే ఉల్లంకి పిట్టలు, పొడవాటి వంపు ముక్కు కర్ల్యూలు, నీటి మీద ఎగిరే టెర్న్ పిట్టలు అక్కడ గుంపులుగా దిగుతాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగ్గా ఉండి, ఎగురుతూనే నీటిని కోసుకుంటూ పోయే ఇండియన్ స్కిమ్మర్ కూడా చలికాలంలో కాకినాడ తీరానికి వస్తుంది. దేశంలో అరుదైపోయిన పిట్ట అది. దాని కోసం దూరాల నుంచి పెద్ద పెద్ద లెన్సులు మోసుకొచ్చేవాళ్లుంటే, మనం గంటన్నర దూరంలో ఉండి మారేడుమిల్లి అంటున్నాం.

కోరింగలో కెమెరా కంటే ముందు తెలియాల్సింది పోటూ పాటూ, అంటే సముద్రపు నీరు ఎక్కడం, దిగడం. పాటు పూర్తిగా తీసినప్పుడు బురద అంతా బయటపడుతుంది, పిట్టలు మైలు దూరాన చుక్కల్లా ఉంటాయి. నిండు పోటులో బురదే ఉండదు, పిట్టా ఉండదు. పోటు ఎక్కడం మొదలైన గంటా గంటన్నర అసలు సమయం. నీరు వెనక నుంచి తోస్తుంటే పిట్టలు మేస్తూ మేస్తూ మన వైపే జరుగుతాయి, మనం కదలకుండా కూర్చుంటే చాలు. ఈ పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తూ ఉంటుంది. అందుకని కిందటి ఆదివారం ఏడింటికి బాగుందని ఈ ఆదివారం ఏడింటికి వెళ్తే కుదరదు. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమి నాడు చిన్నది. ఒకసారి నేను గొప్పగా పొద్దున్నే దిగితే పడవ అతను నవ్వి, "ఆయ్, ఇప్పుడు పాటండి, కాల్వలో మోకాలి లోతు కూడా లేదు. టీ తాగి రండి" అన్నాడు. మూడు టీలు తాగాను. అందుకే ఇప్పుడు బయల్దేరే ముందు రోజు పంచాంగం చూస్తాను, ఆ పైన ఒడ్డున వేటకెళ్లేవాళ్లకి ఒక ఫోన్ చేస్తాను. వాళ్ల నోట వచ్చిన గంటే గంట.

ఇంకో రెండు జాగ్రత్తలు. తెల్లకొంగ ఎండలో మెరిసిపోయి ఫోటోలో తెల్ల మచ్చగా మిగులుతుంది, ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించుకోండి. ఉప్పుగాలి అద్దం మీద పొడిలా పేరుకుంటుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు తడి గుడ్డతో అద్దాలి. ఇక తిల్ల కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మరి కోరింగలో పూలు? ఉన్నాయి, కానీ చూడాలంటే వంగాలి. తెల్లమడ పువ్వు మినపగింజంత, పసుపు. తేనెటీగ వాలితేగానీ అక్కడ పువ్వుందని తెలియదు. ముళ్ల ఆకుల మధ్య ఊదా నీలంగా పూసే ఆల్చి మాత్రం అందగత్తె. వచ్చిన చిక్కల్లా ఇవి బాగా పూసేది ఎండాకాలంలో. అప్పటికి వలసపిట్టలు సర్దుకుని వెళ్లిపోయి ఉంటాయి. కొండ మీద వానాకాలం పూలూ, చలికాలం పిట్టలూ. ఇక్కడ చలికాలం పిట్టలూ, ఎండాకాలం పూలూ. మా బావమరిది కోరుకున్న "రెండూ" ఎక్కడా సులువుగా కలవవు.

ఆటపాక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొత్త లెన్సు కొన్నవాడు మొదట వెళ్లాల్సిన చోటు అదే, అంతే. కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆటపాకలో దసరా దాటాక గూడబాతులు గూళ్లు కడతాయి, పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. పడవ దగ్గరికి వెళ్తుంది, పిట్ట పెద్దది, నెమ్మది. ఫ్రేము నిండా వస్తుంది. పడవ ఊగుతుంది కాబట్టి ట్రైపాడ్ వద్దు. ఒక గుడ్డ సంచిలో రెండు కిలోల పెసలు పోసి అంచు మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి, ఇంటికొచ్చాక పెసరట్టు వేసుకోవచ్చు. పూలంటారా, నీళ్ల మీద గుర్రపుడెక్క పువ్వు. రైతుకి అది శత్రువు గానీ ఊదా రంగు వెనకాల ఉంటే గూడబాతుకి భలే నప్పుతుంది. అయితే రెండుసార్లు వెళ్లాక నాకు విసుగొచ్చింది. అందరి ఫోటోలూ ఒకేలా ఉంటాయి.

కొండ మీద రెండూ ఒకే ఫ్రేములో దొరికే రోజులు ఏడాదిలో కొన్నే ఉన్నాయి. శివరాత్రి వెళ్లాక చూడండి. ఆకులు రాలిపోయి మోదుగ, బూరుగ ఎర్రగా, కొండగోగు పసుపుగా పూసి నిలబడతాయి. అడ్డు ఆకు ఉండదు. తేనె కోసం గోరువంకలు, తేనెపిట్టలు, డ్రోంగోలు వాటంతట అవే కొమ్మ చివరికి వస్తాయి. 2018లో పాలపిట్ట స్థానంలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిని చేసిన రామచిలుక కూడా మోదుగ పువ్వు కొరికి పడేస్తూ కనిపిస్తుంది. ఆ నెలలో జూమ్ లెన్సు ఒక్కటే చాలు. పైగా మారేడుమిల్లి దాకా పోనక్కర్లేదు. గోకవరం దాటి రంపచోడవరం వెళ్లే దారిలోనే ఎండు అడవిలో మోదుగలు, బూరుగలు ఉంటాయి. గంటకు పైగా దారి తగ్గుతుంది, ఏడింటి వెలుగు అందుతుంది.

కాబట్టి నా లెక్క ఇది. శ్రావణం నుంచి దసరా దాకా అయితే కొండ, ఫోను పట్టుకుని, పూల కోసమే. కార్తికం నుంచి మాఘం దాకా కోరింగ, పోటు చూసుకుని. మొదటిసారి లెన్సు పట్టినవాళ్లకి ఆటపాక. రెండూ కావాలని పట్టుబడితే మోదుగ పూసేదాకా ఆగాలి.

బావమరిది అంతా విని, "ఇప్పుడు కార్తికం. ఈ ఆదివారం అష్టమి. పోటు చిన్నదంటావు. మరి ఎటు?" అన్నాడు. అదిగో, నాలుగో చోటు. ముక్తేశ్వరం రేవుకి బండి మీద అరగంట. బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు ఎక్కి కోటిపల్లి వైపు దాటుతుంటే గౌతమి లంకల్లో రెల్లు పూసి తెల్లగా ఊగుతోంది. సూర్యుడు వెనక ఉంటే ఒక్కో కంకి అంచూ వెలుగుతుంది. రెల్లుగింజల కోసం పిచ్చుకల్లాంటి చిన్న మునియా పిట్టలు గుంపుగా వాలి కాడను వంచేస్తాయి, తుమ్మ కొమ్మకి గిజిగాడి గూళ్లు ఇంకా వేలాడుతున్నాయి. టికెట్టు లేదు, గేటు లేదు, పంటు ఛార్జీ ఒక్కటే.

"రెల్లు పువ్వు కూడా పువ్వేనా బావా?" అని మొహం చిట్లించాడు వాడు. మొదటి మునియా వాలాక మళ్లీ మాట్లాడలేదు. తొమ్మిదిన్నరకి కార్డు నిండిపోయింది.