గ్లెన్ కాన్యన్ కరెంటు: చౌకే, కానీ ఎంత స్థిరం?

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, పేజ్ పట్టణం పక్కన కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఉంది. దాన్ని నడిపేది బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ అనే, నీటి ప్రాజెక్టులు చూసే ఫెడరల్ సంస్థ. అక్కడ పుట్టిన విద్యుత్తును లైన్ల మీదుగా చేరవేసి అమ్మేది మాత్రం 1977లో ఏర్పడిన వెస్టర్న్ ఏరియా పవర్ అడ్మినిస్ట్రేషన్ అనే మరో ఫెడరల్ సంస్థ. ప్రభుత్వం అమ్మే కరెంటును ఒక సరుకులాగా సమీక్షించడం వింతగా తోచవచ్చు. అయితే దీనికీ ధర ఉంది, కొనేవారున్నారు, సరుకు మీద రాసిన పేరు ఉంది. ఆ పేరు 'ఫర్మ్ పవర్', అంటే స్థిర విద్యుత్, ఒప్పుకున్న మేరకు తప్పకుండా అందే కరెంటు. పేరుకూ సరుకుకూ ఎంత పొంతన ఉందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా చెప్పవలసింది, ఇది అందరికీ దొరికే సరుకు కాదు. ఫెడరల్ ఆనకట్టల విద్యుత్తును పురపాలక సంస్థలకు, గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలకు, ప్రభుత్వ సంస్థలకు, ఆదివాసీ తెగలకు ముందుగా ఇవ్వాలన్నది చట్టం పెట్టిన నియమం. లాభాల కోసం నడిచే ప్రైవేటు కంపెనీలు ఆ వరుసలో వెనక నిలబడాలి. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన అంశం తెగల విషయంలో ఉంది. సొంత విద్యుత్ సంస్థ లేని తెగకు కేటాయించిన కరెంటును ఆ ప్రాంతంలో సరఫరా చేసే సంస్థ తీసుకుని, దానివల్ల మిగిలిన లాభాన్ని తెగకు డబ్బు రూపంలో జమచేస్తుంది. ఒక్క స్తంభం పాతకుండానే ఆ తెగకు నదిలో వాటా దక్కుతుంది.

ధర విషయంలో ఫిర్యాదుకు తావు తక్కువ. ఫ్లేమింగ్ గార్జ్, బ్లూ మీసా వంటి ఎగువ ఆనకట్టల కరెంటును కూడా ఇందులో కలిపి ఒకే ధరకు అమ్ముతారు. సామర్థ్యానికీ వాడిన యూనిట్లకూ విడివిడిగా వసూలు చేసేదంతా కలిపి లెక్కగడితే, ఇటీవలి సంవత్సరాల్లో టోకున యూనిట్టుకు సుమారు 3 సెంట్లు పడుతోంది. ఆ 3 సెంట్లలో ఆనకట్ట ఖర్చే కాదు, రైతులు తీర్చలేని సాగునీటి కాలువల అప్పులో ఒక భాగం కూడా ఉంది. వసూలైన సొమ్ము, ఈ ఆనకట్టలు కట్టడానికి అనుమతించిన 1956 నాటి కొలరాడో నది నిల్వ ప్రాజెక్టు చట్టం ఏర్పరచిన బేసిన్ నిధిలో చేరుతుంది. నదిలో ఉప్పదనం తగ్గించే పనులకు, అంతరించిపోతున్న చేపల సంరక్షణకు కూడా ఆ నిధి నుంచే డబ్బు వెళుతుంది. కరెంటు బిల్లు కట్టేవాడు తనకు తెలియకుండానే చేపలనూ పోషిస్తున్నాడన్నమాట. ఈ ధరకు అది నాకు అన్యాయంగా అనిపించలేదు.

అసలు చిక్కు స్థిరత్వం దగ్గర వస్తుంది. ఆనకట్టలో ఎనిమిది జనరేటర్లు ఉన్నాయి. వాటి మొత్తం సామర్థ్యం 1,320 మెగావాట్లు. కానీ టర్బైనును తిప్పేది నీటి పరిమాణం ఒక్కటే కాదు, ఆ నీరు ఎంత ఎత్తు నుంచి పడుతోందన్నది కూడా. ఆనకట్ట వెనకున్న లేక్ పావెల్ జలాశయం నిండితే మట్టం సముద్రమట్టానికి 3,700 అడుగులు. 2023 ఫిబ్రవరిలో అది సుమారు 3,520 అడుగులకు పడిపోయింది. దిగువన నది 3,130 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, నీరు దూకే ఎత్తులో దాదాపు మూడో వంతు మాయమైంది. అవే నీళ్లు వదిలినా వచ్చే యూనిట్లు ఆ మేరకు తగ్గుతాయి. మట్టం మరో 30 అడుగులు దిగి 3,490కి చేరితే జనరేటర్లనే ఆపవలసి ఉంటుంది. ఆనకట్ట పక్కనున్న వంతెన మీద నిలబడి చూస్తే ఎర్రటి రాతిగోడల మీద తెల్లని సున్నపు పట్టీ కనిపిస్తుంది. ఒకప్పుడు నీరు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే గుర్తు అది. కరెంటు కొనేవారు ఒప్పందం కన్నా ముందు చదవవలసింది ఆ పట్టీనే.

ఈ చిక్కు మూలం చట్టంలోనే ఉంది. నీటి నిల్వ, రాష్ట్రాల వాటాలు, సాగునీరు వంటి ప్రయోజనాల తరువాత, వాటికి అనుబంధంగా మాత్రమే విద్యుదుత్పత్తి అని 1956 చట్టం మొదటి సెక్షన్ చెబుతుంది. అదే చట్టం మరోచోట, స్థిర విద్యుత్ ధరకు అమ్మగలిగినంత కరెంటును వీలైనంత ఎక్కువగా ఉత్పత్తి చేయాలంటుంది. ఏ సంవత్సరం ఎంత నీరు వదలాలో 1922 నాటి నదీ ఒడంబడికా దాని తరువాత వచ్చిన నియమాలూ తేలుస్తాయి. అమ్మకందారుకు అందులో మాట లేదు. ఆ నీటిని రోజులో ఏ గంటకు వదలాలన్నదే అతని చేతిలో మిగిలిన వెసులుబాటు.

ఆ వెసులుబాటుకూ కళ్లెం పడింది. 1991కి ముందు నది ఒక్క రోజులోనే కొన్ని వేల క్యూసెక్కుల నుంచి 30 వేలకు పైగా ఎక్కి దిగేది. దానివల్ల దిగువనున్న గ్రాండ్ కాన్యన్ ఒడ్డున ఇసుక తిన్నెలు కోసుకుపోయాయి. 1992లో గ్రాండ్ కాన్యన్ పరిరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు మామూలు రోజుల్లో 25 వేల క్యూసెక్కులు దాటకూడదు, పగలు 8 వేలకూ రాత్రి 5 వేలకూ తగ్గకూడదు, గంటకు 4 వేలకు మించి పెంచకూడదు. ఆనకట్టకు పదిహేను మైళ్ల దిగువన లీస్ ఫెర్రీ దగ్గర ఉదయాన్నే నిలబడితే, ఇసుక మీద ఒక తడి చార కనిపిస్తుంది. నిన్న సాయంత్రం ఊళ్లలో ఏసీలు వేసుకున్నప్పుడు పెరిగిన నది రాత్రి వెనక్కు తగ్గిందనడానికి అదే ఆనవాలు. పీక్ గంటల్లో క్షణాల మీద పెంచి తగ్గించగలగడం ఈ సరుకు అసలు విలువ. ఆ చార వెడల్పు ఎంతో ఆ విలువా అంతే. ఇవి చాలవన్నట్టు, ఇసుక తిన్నెలను తిరిగి కట్టేందుకు అప్పుడప్పుడూ కృత్రిమ వరద వదులుతారు. 1996లో మొదటిసారి వారం రోజులపాటు 45 వేల క్యూసెక్కులు వదిలారు. అందులో జనరేటర్లు పట్టలేని నీరంతా పక్క గొట్టాల గుండా, ఒక్క యూనిట్టు కూడా ఇవ్వకుండా పోతుంది.

ఇన్ని షరతుల మధ్య 'స్థిర' విద్యుత్ అన్న పేరు నేతి బీరకాయలో నెయ్యి లాంటిది. 2021 డిసెంబరు దాకా లోటును అమ్మకందారే మార్కెట్లో కొని పూడ్చేవాడు. కరువు ముదిరేసరికి బేసిన్ నిధి అడుగంటే పరిస్థితి వచ్చింది. అప్పటి నుంచి నది ఇచ్చినంతే పంచుతున్నారు. మిగతాది కొనేవారే వెతుక్కోవాలి, లేదా మార్కెట్ ధర భరిస్తామంటే ఆ సంస్థే కొనిపెడుతుంది. భారం కొనుగోలుదారు నెత్తిన పడ్డ మాట నిజమే అయినా, ఈ పద్ధతే నిజాయితీగా ఉందని నేననుకుంటాను. పేరును కూడా మార్చి ఉంటే ఇంకా బాగుండేది.

వేణ్ణీళ్లకు చన్నీళ్లలా, వేరే చోట నుంచి కూడా కరెంటు తెచ్చుకోగల పెద్ద సహకార సంఘానికి ఇది ఇప్పటికీ మంచి బేరం. అవసరంలో అధికభాగం దీని మీదే ఆధారపడిన చిన్న ఊరైతే, ఆగస్టులో బ్యూరో వెలువరించే 24 నెలల నీటి అంచనాను చూశాకే వచ్చే ఏడాది బడ్జెట్ రాసుకోవాలి.