ఏడేళ్లు మెడలు పట్టాక: గిలటిన్, డార్స్, అనకొండల గురించి

ఇవన్నీ గ్రాప్లింగ్‌లో, అంటే గుద్దులు లేకుండా పట్లతోనే సాగే పోరులో, మెడ బిగించే పట్లు. అవతలివాడి తల నా చంక కింద, నా ఛాతీ బరువు అతని వీపు మీద, నా అరచెయ్యి అతని గడ్డం కింద దొప్పలా. ముందు నుంచి తలని బంధించే ఈ ఫ్రంట్ హెడ్‌లాక్ ఇలా కుదిరితే సగం పని అయినట్టే. మిగతా సగం, అంటే మెడ బిగించి ఓడించడం దగ్గరే నాకు ఏళ్లు పట్టింది.

మొదట నేర్చుకున్నది గిలటిన్ (ముందు నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించే పట్టు), అందులోనూ అవతలివాడి చెయ్యిని కూడా కలిపి పట్టే రకం. ఇట్టే దొరుకుతుంది, కానీ ముగియదు. నా ముంజేతులు కొయ్యబారిపోయేవి, అతను తాపీగా ఊపిరి తీసుకుంటూ ఉండేవాడు. ఒకరోజు స్పారింగ్‌లో (సాధన పోరులో) మొండిగా వదల్లేదు. అతను నా కాళ్లు దాటుకుని పక్కకు వచ్చి, భుజం తెచ్చి నా మెడ మీద దించాడు. పట్టుకున్నది నేను, ట్యాప్ చేసిందీ (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నదీ) నేనే. ఇది వాన్ ఫ్లూ చోక్. 2006లో యూఎఫ్‌సీ అనే ఎమ్ఎమ్ఏ (మిశ్రమ యుద్ధకళల) పోటీల్లో జేసన్ వాన్ ఫ్లూ దీంతో గెలిచాక ఆయన పేరే స్థిరపడింది. అవతలివాడు గార్డ్ (నా కాళ్ల అడ్డు) దాటిపోయాక కూడా మెడ పట్టుకు వేలాడే జబ్బు నాకు ఆ రోజుతో వదిలింది.

ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది హై ఎల్బో గిలటిన్. ఏడీసీసీ అనే గ్రాప్లింగ్ పోటీలో నాలుగుసార్లు గెలిచిన మార్సెలో గార్సియా పేరు మీద దీన్ని మార్సెలోటిన్ అని కూడా అంటారు. మెడ చుట్టిన చేతికి సాయంగా ఉన్న రెండో చెయ్యి ఉంది చూశారూ, దాని మోచెయ్యి అతని భుజం మీదకు ఎక్కాలి. తల బయటకు లాక్కునే దారి అక్కడ మూసుకుపోతుంది. తర్వాత వెనక్కి విరుచుకోకూడదు, ఛాతీని ముందుకు ముడవాలి. నేను రెండేళ్లు విరుచుకుంటూనే ఉన్నాను. ముంజేతి ఎముక మెడ పక్కన సరిగ్గా కూర్చుంటే బలంతో పనే లేదు. గొంతు మీద పడితే మాత్రం అవతలివాడు దగ్గుతాడు, నొప్పికి ట్యాప్ చేస్తాడు. అలాంటి ట్యాప్‌ని నేను లెక్కలో వేసుకోను.

అనకొండలో నా చెయ్యి అతని మెడ వైపు నుంచి దూరి అతని చంకలో తేలుతుంది. డార్స్‌లో చంకలో దూరి మెడ దగ్గర తేలుతుంది. రెండింటిలోనూ మెడకి ఒక పక్క నొక్కేది అతని సొంత భుజమే. అనకొండ నాకు బాగానే పడుతుంది, కాకపోతే బిగించడానికి పక్కకు దొర్లేటప్పుడు అతని మెడ మెలిపడకుండా చూసుకోవాలి. కొత్తవాళ్ల మీద నేను అసలు దొర్లను. పెరూవియన్ నెక్‌టై అనే ఇంకో మెడ పట్టు రెండు నెలలు సాధన చేసి వదిలేశాను. కాలు తల మీదకు వేసేలోపే జారిపోయేవారు.

గుద్దులు కూడా ఉండే ఎమ్ఎమ్ఏలో లెక్క మారుతుంది. గ్లోవ్ మందంతో చెయ్యి సందులో దూరడం కష్టం. గిలటిన్ కోసం వెల్లకిలా పడి అది కుదరకపోతే, రౌండ్ అయ్యేదాకా కింద పడుకుని గుద్దులు తినాలి. అందుకే నిలబడి గానీ, పై నుంచి గానీ అయితేనే వేస్తాను. లేదంటే తల కిందకు తొక్కిపట్టి వీపు వైపు తిరిగిపోవడం మేలు.

డార్స్‌కి నా చేతులు పొట్టి. అయినా అప్పుడప్పుడూ వేసి చూస్తాను. పట్టు బిగించడానికి నా రెండో చేతి కండ పట్టుకోబోతే అది వేళ్ల చివర జారిపోతుంది, అవతలివాడు నవ్వుతాడు.