"బార్‌టెండర్ లైసెన్స్ ఇప్పిస్తాం" అంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బార్‌టెండర్ కోర్సులో చేరదామని చూస్తున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. రెండు నెలల జీతం పోసి నేను తెచ్చుకున్న "లైసెన్స్" అసలు లైసెన్సే కాదని ఉద్యోగంలో చేరబోయే రోజున తెలిసింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. ఎలా మోసపోయానో మాత్రం దాచకుండా చెబుతాను.

ప్రకటనలో ఇలా ఉంది: "నలభై గంటల్లో లైసెన్స్, ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది, ఉద్యోగం గ్యారంటీ." ఫోన్‌లో మాట్లాడినతను ఎంతో ఓపిగ్గా చెప్పాడు. ఇది లేకపోతే ఏ బార్‌లోనూ కౌంటర్ వెనక నిలబడనివ్వరట, సీట్లు రెండే మిగిలాయట. ఆ రోజే కట్టేశాను.

క్లాసులు బాగానే జరిగాయి. ఖాళీ సీసాల్లో రంగు నీళ్ళు పోసి ప్రాక్టీసు చేయించేవాళ్ళు. షేకర్ పట్టుకోవడం, కొలత గ్లాసు లేకుండా మనసులో లెక్కపెట్టుకుంటూ పోయడం వచ్చాయి. అందులో వంక పెట్టను. చివరి రోజు ఒక కాగితం ఇచ్చారు. బంగారు రంగు సీలు, పెద్ద అక్షరాల్లో "లైసెన్స్‌డ్ బార్‌టెండర్", కింద వాళ్ళ డైరెక్టర్ సంతకం.

ఇంటర్వ్యూలో నేను కలిపిన డ్రింక్ మేనేజర్‌గారికి నచ్చింది. తర్వాత ఆ కాగితం తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. "నంబర్ ఏది? గడువు తేదీ ఏది?" అని అడిగారు. రెండూ లేవు. "బాబూ, ఇది డిప్లొమా. నాకు కావలసింది మద్యం లైసెన్సులు ఇచ్చే శాఖ ఒప్పుకున్న ట్రైనింగ్ సర్టిఫికెట్. ఇది నమ్మి నిన్ను పెట్టుకుంటే, తనిఖీ జరిగిన రోజున నా బార్ లైసెన్సుకే ఎసరు" అన్నారు.

ఆ రాత్రంతా కూర్చుని నియమాలు చదివాను. మద్యం అమ్మే లైసెన్సు బార్ యజమానిది. కౌంటర్ వెనక పనిచేసేవాళ్ళకు కొన్నిచోట్ల ఏ కాగితమూ అక్కర్లేదు, కొన్నిచోట్ల బాధ్యతగా మద్యం వడ్డించడం మీద చిన్న ట్రైనింగ్ తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2022 నుంచి ఉద్యోగంలో చేరిన 60 రోజుల్లోపు ఇది పూర్తిచేయాలి. ముందు ప్రభుత్వ శాఖ దగ్గర పేరు నమోదు, తర్వాత ఆ శాఖ ఆమోదించిన సంస్థలో ట్రైనింగ్, ఆ తర్వాత శాఖే పెట్టే పరీక్షలో 70 శాతం మార్కులు. అది మూడేళ్ళు చెల్లుతుంది. టెక్సస్ సర్టిఫికెట్ రెండేళ్ళే, వాషింగ్టన్ రాష్ట్రంలో పర్మిట్ ఐదేళ్ళు. ఇంగ్లండ్‌లో పర్సనల్ లైసెన్స్ అని ఒకటి ఉంది కానీ అది అమ్మకాలకు అనుమతి ఇచ్చే బాధ్యత ఉన్నవాళ్ళకు, గ్లాసు నింపే ప్రతివాళ్ళకూ అక్కర్లేదు. పక్క రాష్ట్రంలోనే నియమం మారిపోతుంటే ప్రపంచమంతా చెల్లే లైసెన్సు ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగాల్సింది.

తర్వాత ఆమోదం ఉన్న ట్రైనింగ్ చేశాను. కొన్ని గంటల్లో అయిపోయింది, ఫీజు కూడా ముందు కట్టినదాంట్లో పిసరంత. అందులో కాక్‌టెయిళ్ళ ఊసే లేదు. వయసు చూపించే ఐడీ కార్డు నకిలీదేమోనని అంచును వేలితో తడిమి అతుకులున్నాయేమో చూడటం, మాట తడబడుతున్నవాళ్ళకు ఇంకో గ్లాసు పోయకుండా గొడవ రాకుండా ఎలా చెప్పాలో నేర్పారు. కాఫీ తాగించినా, తలమీద చన్నీళ్ళు పోసినా రక్తంలోని ఆల్కహాల్ తగ్గదు, కాలేయం తన వేగంతోనే పనిచేస్తుంది. ఎంత తాగారో లెక్కపెట్టడానికి వాడే కొలత, అంటే ఒక స్టాండర్డ్ డ్రింక్, అమెరికా లెక్కలో 14 గ్రాముల ఆల్కహాల్, ఆస్ట్రేలియాలో 10. కొలత లేకుండా పోయడం నేర్పిన ఆ నలభై గంటల్లో ఈ లెక్క ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. మనం పోసింది తాగి ఒక మనిషి బండెక్కి వెళ్తాడు. ఆ మనిషి గురించి ఒక్క ముక్క చెప్పకుండా మమ్మల్ని కౌంటర్ వెనక్కి పంపేవాళ్ళు.

మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో అక్కడి మద్యం లైసెన్సుల శాఖ వెబ్‌సైట్‌లో ఆమోదం పొందిన సంస్థల జాబితా ఉందేమో ముందు చూడండి. ఇన్‌స్టిట్యూట్ తన సైట్‌లో పెట్టుకున్న లోగోలను లెక్కలోకి తీసుకోవద్దు. ఇంకా తేలిక దారి, మీకు నచ్చిన రెండు మూడు బార్లకు ఫోన్ చేసి "మీరు ఏ సర్టిఫికెట్ ఒప్పుకుంటారు?" అని అడగడం. నేను అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. షేకర్ పని నేర్చుకోవాలనుంటే స్కూల్లో చేరండి, తప్పులేదు, కానీ లైసెన్స్ కోసమని మాత్రం చేరకండి. ఎవరో మనిషి సొంత ఖాతాకు డబ్బు పంపవద్దు. నేను అలాగే పంపాను, తిరిగి రప్పించడం మా చేతుల్లో లేదని బ్యాంకువాళ్ళు చెప్పేశారు.

ఫీజు వెనక్కి అడిగిన వారానికి వాళ్ళ ప్రకటనలో "లైసెన్స్" పోయి "సర్టిఫికేషన్" వచ్చింది. పాత ప్రకటన స్క్రీన్‌షాట్ నా ఫోన్‌లో ఉండబట్టి ఫిర్యాదు తీసుకున్నారు. మీరు ఇప్పటికే కట్టేసి ఉంటే ప్రకటన, రసీదు, చాట్ మొత్తం ఈ రాత్రికే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.